ఆరడుగుల కిటికీ గట్టు మీద వ్యాగన్ టిప్లర్

కిటికీ కింద గ్రానైట్ గట్టు. పొడవు 1800 మి.మీ., వెడల్పు 400. దాని మీద మోడల్ బొగ్గు రేక్ ఒకటి, అంటే విడదీయకుండా నడిపే వ్యాగన్ల వరస, పెట్టించుకోవాలని విజయవాడ పక్కనుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ముప్ఫై ఏళ్ళు ఒక థర్మల్ కేంద్రంలో కోల్ హ్యాండ్లింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. ఏ కేంద్రమో రాయవద్దన్నారు, రాయను. ఆయన్ని నేను బాబాయ్ గారూ అనేవాడిని.

మోడల్ రైలు పెట్టించుకునేవాళ్ళు మొదట అడిగేది రైలు గుండ్రంగా తిరగడం. 400 మి.మీ. వెడల్పులో అది కుదరదని ముందే చెప్పాను. హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు) సెట్ ట్రాక్‌లో అతి చిన్న వంపు రేడియస్సే దాదాపు 370 మి.మీ. అంటే పూర్తి చుట్టుకి 800 పైచిలుకు వెడల్పు కావాలి. అందుకే షంటింగ్ లేఅవుట్, అంటే వ్యాగన్లని అటూ ఇటూ జరిపి బండి కట్టే ప్లాన్, గీసుకెళ్ళాను. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే మోడలర్ రూపొందించిన ఇంగిల్‌నుక్ పద్ధతి అది. రెండు పాయింట్లు (బండి దారి మార్చే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒక దాంట్లో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీ తీసిన వరుసలో అయిదింటిని చేర్చి బండి కట్టాలి. 6720 రకాల వరుసలు వస్తాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఆడినా విసుగు పుట్టదు. పాయింట్లు, ఇంజన్ వెనక్కి వెళ్ళే చోటు అన్నీ కలిపి 1600 మి.మీ. లోపే సరిపోయాయి. నాకు చాలా నచ్చిన ప్లాన్.

బాబాయ్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ ఎనిమిదింట్లోంచి అయిదు ఏరుకుని పట్టుకెళ్ళేదెవరు బాబూ? మా దగ్గరికి రేక్ వచ్చింది వచ్చినట్టు వస్తుంది, పోయింది పోయినట్టు పోతుంది. నాకు రైలు గిరగిరా తిరగక్కర్లేదు. వ్యాగన్ తిరగబడాలి. చేయగలవా?"

ఆ మాటతో ఆ కాగితం పక్కన పడేశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కో వ్యాగన్ ఒక్కో ఊరికి పోవడం, యార్డుల్లో విడదీసి కలపడం మన రైల్వేలో 1980ల నుంచి తగ్గిపోతూ వచ్చింది. ఇప్పుడు బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు, ఎరువులు అన్నీ రేక్ లెక్కనే నడుస్తాయి. ఇంగిల్‌నుక్ మీద బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేని బొగ్గు వ్యాగన్లు) పెడితే అది ఆట అవుతుంది కానీ ఆయన ముప్ఫై ఏళ్ళు చూసిన గూడ్స్ అవ్వదు.

కానీ రేక్ పొడవు సంగతేమిటి? బాక్స్‌ఎన్ వ్యాగన్ కప్లర్ నుంచి కప్లర్‌కి 10,713 మి.మీ. 87తో భాగిస్తే 123. రేక్‌కి 58 వ్యాగన్లు వేసుకుంటే ఇంజన్, బ్రేక్ వ్యాన్ కాకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుంచి ఖుర్దా వైపు త్రిశూల్ అని మూడు రేకులు కలిపి 177 వ్యాగన్లతో నడిపింది. దాన్ని హెచ్‌ఓలో కడితే దాదాపు 22 మీటర్లు. మా అపార్ట్‌మెంట్ కారిడార్ కూడా చాలదు. చిన్న లేఅవుట్ కట్టేవాళ్ళం సాధారణంగా ఏం చేస్తామంటే, 58కి బదులు ఆరేడు వ్యాగన్లు తగిలించి, చూసేవాళ్ళు సర్దుకుంటారులే అనుకుంటాం. మెయిన్ లైన్ సీన్‌లో ఆరు వ్యాగన్ల బొగ్గు బండి వెళ్తుంటే మాత్రం తోక తెగిన బల్లిలా ఉంటుంది. నేను అలాంటివి మూడు కట్టాను, అందుకే చెప్తున్నాను.

వ్యాగన్‌ని బోర్లించి బొగ్గు దింపే యంత్రం, అదే టిప్లర్, దాని దగ్గర ఈ ఇబ్బంది ఉండదు. అక్కడ అసలు రేకే ఒక్కో వ్యాగన్‌గా మారిపోతుంది. బండి వచ్చి ఆగుతుంది, ఇంజన్ తప్పుకుంటుంది. ట్రాక్ పక్కన పట్టాల మీద నడిచే సైడ్ ఆర్మ్ చార్జర్ తన చెయ్యి దించి రేక్‌ని పట్టుకుని ముందుకు జరుపుతుంది. ఒక వ్యాగన్ కప్లింగ్ విప్పి టిప్లర్ మీద నిలబెడతారు. పైనుంచి క్లాంపులు దిగి దాన్ని బిగిస్తాయి. ట్రాక్ ముక్కతో సహా వ్యాగన్ పక్కకి లేచి బోర్లా పడుతుంది, బొగ్గు కింద హాపర్లోకి పోతుంది. మళ్ళీ నిలబడుతుంది. తర్వాతి లోడు వ్యాగన్ లోపలికొస్తూ ఖాళీదాన్ని బయటికి నెడుతుంది. చూసేవాడి కన్ను ఎప్పుడూ ఒక్క వ్యాగన్ మీదే. మిగతా 57 ఎక్కడున్నాయని ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో లాభం కూడా ఉంది. టిప్లర్ మీద కరెంటు తీగ ఉండదు, ఉండే వీలే లేదు. అందుకని ముందు వరస ట్రాక్ అంతటికీ ఓహెచ్ఈ మాస్టులు, అంటే ఆ తీగని మోసే స్తంభాలు, కట్టే పని తప్పింది. హెచ్‌ఓలో ఓహెచ్ఈ కట్టినవాళ్ళకి ఇది ఎంత ఊరటో తెలుస్తుంది.

స్కేలు గురించి రెండు మాటలు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. 1:87లో అది 19.3 మి.మీ. ఉండాలి. దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5. అంటే వ్యాగన్ ఒళ్ళు సరిగ్గానే ఉంటుంది, కాళ్ళు దగ్గరికి వస్తాయి. ట్రాక్‌ని బట్టి వ్యాగన్ కట్టాలంటే స్కేలు సుమారు 1:101.6 అవ్వాలి, ఆ స్కేలులో చక్రం నుంచి మనిషి బొమ్మ వరకు అన్నీ సొంతంగా చేసుకోవాలి. 1:87కే ఉండిపోయాను. ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. ఈ లేఅవుట్‌ని పక్కనుంచే చూస్తారు.

వ్యాగన్లు ఎన్ని అన్నది గట్టే తేల్చింది. టిప్లర్‌కి 130 మి.మీ. తీసేశాక, ఒకవైపు లోడు రేక్ మొత్తం, రెండోవైపు ఖాళీ రేక్ మొత్తం పట్టాలి. ఏడు వ్యాగన్లయితే 1852 మి.మీ. అవుతుంది. ఆరయితే 1606. మిగిలేది 194. గూడ్స్ లాగే కరెంటు ఇంజన్ డబ్ల్యూఏజీ-9 20,562 మి.మీ. పొడవు, హెచ్‌ఓలో 236. పట్టదు.

ఇక్కడ బాబాయ్ గారికీ నాకూ చిన్న వాదన జరిగింది. ఇంజన్ లేని రైల్వే లేఅవుట్ ఏమిటని నేనే వెనకాడాను. ఆయన మాత్రం తొణకలేదు. "ఇంజన్ వచ్చి పెట్టేసి పోతుంది. మాకు దానితో పనేముంది?" చివరికి మధ్యేమార్గంగా, వెనక వరసలో కంచె అవతల రైల్వే వాళ్ళ లైన్ ఒకటి వేసి, రెండు మాస్టులు నాటి, దాని మీద త్రీడీ ప్రింట్ బాడీతో డబ్ల్యూఏజీ-9 నిలబెట్టాను. కదలదు. దాని వెనక బ్రేక్ వ్యాన్ కిటికీ ఫ్రేమ్ చాటుకి పోతుంది. మోటారు, డీకోడర్, స్పీకర్ కొనాల్సిన డబ్బు మిగిలింది.

ఇంజన్ నడవదు కాబట్టి ముందు ట్రాక్‌కి కరెంటే అక్కర్లేదు. మొదట్లో ఈ సంగతి నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కాక సగం తలనొప్పి పోయింది. పట్టాల మీద దుమ్ము పడితే పడనీ, తుడిచేది లేదు. కదలిక అంతా బోర్డు కింద నుంచి.

సైడ్ ఆర్మ్‌కి జీటీ2 బెల్టు, 20 పళ్ళ పుల్లీ, ఒక నెమా 17 స్టెప్పర్ మోటారు (లెక్కపెట్టిన చిన్న చిన్న స్టెప్పుల్లో తిరిగేది) పెట్టాను. పుల్లీ ఒక చుట్టుకి బెల్టు 40 మి.మీ. జరుగుతుంది, మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు. వ్యాగన్ పొడవు 123.1 మి.మీ. జరగాలంటే 615 స్టెప్పులు, ఇంకో అర. ట్రాక్ పక్కన బోర్డులో కోసిన సన్నటి గాడిలోంచి చెయ్యి పైకి వస్తుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు ఎస్‌జీ90 సర్వో అనే బుల్లి మోటారు దాన్ని పైకెత్తుతుంది, అసలుదాంట్లో చెయ్యి లేచినట్టే.

లెక్క సరిపోయింది, పని సరిపోలేదు. చివరి వ్యాగన్‌ని వెనకనుంచి నెడుతున్నాను కదా, మధ్యలో కప్లర్ల దగ్గర ఉండే సందు ఒక్కోసారి ఒక్కోలా మూసుకుంటోంది. అయిదు జాయింట్లు కలిసేసరికి మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా. వ్యాగన్ కొస టిప్లర్ గడప మీద ఆగుతుంది, తిప్పితే ఇరుక్కుంటుంది. స్టెప్పులు లెక్కపెట్టడం మానేసి, టిప్లర్ అవతలి అంచున ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టాను. వ్యాగన్ కొస దాన్ని కప్పగానే మోటారు ఆగాలి. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాంలో పది లైన్లు తగ్గాయి కూడా.

కప్లర్ల కథ వేరే. మన బాక్స్‌ఎన్‌లకి పక్క బఫర్లు ఉండవు, మధ్యలో సీబీసీ అనే కప్లర్ ఒక్కటే. అందుకని కేడీ నకుల్ కప్లర్లు రూపానికి దాదాపు సరిపోతాయి, పైగా ట్రాక్ కింద అయస్కాంతం పెడితే వాటంతట అవే విడిపోతాయి. ఆ ఆనందంలో రెండు అయస్కాంతాలు పాతాను. వ్యాగన్ బరువుకి లోపల ఇనుప నట్లు అంటించి ఉన్నాయి. టిప్లర్ దగ్గరికి రాగానే వ్యాగన్ దానంతట అదే ఎగిరి అయస్కాంతం మీదికి దూకేది. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, ఈ లేఅవుట్‌లో ఏదీ ఏదాన్నీ లాగదు. అన్నీ నెట్టడమే. నెట్టేదానికి కప్లింగ్ ఎందుకు? సీబీసీ ఆకారంలో ప్రింట్ తీసి, ముఖం నున్నగా రుద్ది అంటించేశాను. అయస్కాంతాలు పీకేశాను.

ఇప్పుడు అసలు సంగతి, టిప్లర్.

ఊయలలాంటి చట్రం ఒకదాన్ని రెండు మి.మీ. ఇత్తడి రేకుతో చేశాను. లోపల ట్రాక్ ముక్క, ఒక పక్క వ్యాగన్ ఒరిగే దూలం, పైన అంచుని ఆపే పెదవి. ఇరుసు వ్యాగన్ పక్కన, పట్టా కంటే ఎత్తులో ఉంటుంది. తిప్పడానికి 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్ పెట్టాను. రెండొందల లోపు దొరుకుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు తక్కువ. దాని బలం డేటాషీట్ ప్రకారం 34.3 మిల్లీన్యూటన్ మీటర్లు, మన భాషలో 350 గ్రాము-సెంటీమీటర్లు.

అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ళ సిఫారసు ప్రకారం ఈ పొడవు హెచ్‌ఓ వ్యాగన్ 97 గ్రాములు ఉండాలి. దానికి బొగ్గు ఒక 23, ఊయల 70. మొత్తం 190 గ్రాములు, ఇరుసుకి మూడు సెంటీమీటర్ల దూరంలో. 570 గ్రాము-సెంటీమీటర్లు. మోటారు మూలిగి ఆగిపోయింది.

97 గ్రాముల సిఫారసు పొడుగాటి రైలు వంపుల్లో లాగినప్పుడు వ్యాగన్లు పడిపోకుండా ఉండటానికి. నా ట్రాక్ తిన్నగా ఉంది, లాగుడు లేదు. నట్లన్నీ తీసేశాను. వ్యాగన్ 38 గ్రాములకి దిగింది. సరదాకి లెక్కేస్తే, బాక్స్‌ఎన్ ఖాళీ బరువు 22.47 టన్నులు, దాన్ని 87 ఘనంతో భాగిస్తే 34 గ్రాములు. అనుకోకుండా స్కేలు బరువుకి దగ్గరగా వచ్చేశాను. అయినా 131 గ్రాములు, మూడు సెంటీమీటర్లు: 393. ఇంకా ఎక్కువే.

పెద్ద మోటారు కొందామని ఫోన్లో చెప్తుంటే బాబాయ్ గారు ఆపారు. "కౌంటర్ వెయిట్ ఏది?" అన్నారు. అంతే. అసలు టిప్లర్లో ఇరుసుకి అవతల పక్క పెద్ద బరువు వేలాడుతుంది, మోటారు మొయ్యాల్సింది తేడా మాత్రమే. ఫొటోల్లో ఆ దిమ్మని చూసి కూడా అది ఏదో స్ట్రక్చర్ అనుకుని వదిలేశాను. వలలకి కట్టే సీసపు గుళ్ళు తెచ్చి, కరిగించకుండా అలాగే ఒక డబ్బీలో పోసి, ఇరుసుకి అవతల నాలుగు సెంటీమీటర్ల దూరంలో 70 గ్రాములు తగిలించాను. 280 అటు, 393 ఇటు. మోటారు మీద పడేది 113. ఇప్పుడు వేలితో అంటే కదులుతుంది.

తిప్పడం మొదలుపెట్టాక కోణం గొడవ. నేను 120 డిగ్రీలు చాలనుకున్నాను. బోర్లా పడినట్టు కనిపిస్తే చాలు కదా. కానీ బొగ్గులో మూడోవంతు లోపలే ఉండిపోయింది. ఎందుకంటే, 90 డిగ్రీల దగ్గర వ్యాగన్ పక్క గోడ నేలలా అడ్డంగా పడుకుంటుంది. 120కి ఆ గోడ వాలు 30 డిగ్రీలే. పొడి బొగ్గు కుప్ప పోస్తే దాదాపు 35, 40 డిగ్రీల వాలులో నిలబడుతుంది, అంతకంటే తక్కువ వాలు మీద జారనే జారదు. 130కి నాలుగు పలుకులు మిగిలాయి. 140కి శుభ్రం. అసలు టిప్లర్లు 150 డిగ్రీల దాకా ఎందుకు తిరుగుతాయో పుస్తకంలో చదివుంటే ఒక అంకెగా మిగిలిపోయేది. వానాకాలంలో తడి బొగ్గు అంటుకుపోతే ఆ 150 కూడా చాలేది కాదని, గడ్డపారలతో పొడిచేవాళ్ళని బాబాయ్ గారు చెప్పారు.

మోటారు లెక్కలో 140 డిగ్రీలు 796 స్టెప్పులు. పాతిక సెకన్లలో లేచేలా పెట్టాను. ఇంకా వేగంగా తిప్పితే బొమ్మలా ఉంది.

వెనక్కి వచ్చేటప్పుడు పట్టాలు తప్పడం చివరి గండం. బోర్లా పడ్డప్పుడు వ్యాగన్ పైన పెదవి మీదికి ఒకటిన్నర మి.మీ. జారుతుంది, బోగీలు, అంటే కింద చక్రాలుండే చట్రాలు, వాటి స్క్రూల మీద ఇంకాస్త వేలాడతాయి. చక్రం అంచు లోతు ముప్పావు మి.మీ. కూడా ఉండదు. తిరిగి నిలబడేసరికి రెండు చక్రాలు పట్టా మీద, రెండు బయట. పెదవి దగ్గర సందు తగ్గిస్తే వ్యాగన్ లోపలికి రావడమే కష్టమైంది. దీనికి ముందు వాడని చిట్కా ఒకటి వాడాను. ఊయలలో పట్టాల మధ్య, చక్రాలకి లోపలి వైపున, నాలుగు మి.మీ. ఎత్తు దిమ్మెలు అంటించి పై అంచులు ఏటవాలుగా చెక్కాను. చక్రం ఎంత పైకి లేచినా దిమ్మె పక్కనే ఉంటుంది, దిగేటప్పుడు దాన్నే రాసుకుంటూ పట్టా మీదికి జారుతుంది. బయటి నుంచి కనిపించదు. వంద సార్లు తిప్పితే రెండు సార్లు తప్పింది, రెండూ నాలుగో నంబర్ వ్యాగనే. దాని బోగీ స్క్రూ వదులుగా ఉంది.

బొగ్గు దేనితో చేయాలన్నది పెద్ద ప్రయోగమే. బాక్స్‌ఎన్ లోపలి ఘనం 56.29 ఘన మీటర్లు, హెచ్‌ఓలో 85 మిల్లీలీటర్లు. ఆరు వ్యాగన్లకి అర లీటరు. మొదట సముద్రం ఒడ్డున దొరికే నల్ల ఇసుక పోశాను, అప్పటికి అయస్కాంతాలు ఇంకా పీకలేదు. ఇసుకలో మాగ్నెటైట్ ఉంటుందని తెలిసీ చేసిన తెలివితక్కువ పని. అయస్కాంతాల చుట్టూ గడ్డం మొలిచింది, చక్రాల ఇరుసుల్లోకి దూరింది. తర్వాత నల్ల నువ్వులు. నవ్వకండి, మూడు మి.మీ. నువ్వు గింజ 87 రెట్లు చేస్తే 260 మి.మీ. బొగ్గు పెళ్ళ, సైజు సరిగ్గా ఉంది, నీళ్ళలా జారాయి. మూడో రోజు పొద్దున చీమలు లైన్ కట్టి రేక్ మొత్తం అన్‌లోడ్ చేస్తున్నాయి. చివరికి మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు తెచ్చి దంచి, రవ్వ జల్లెడ పట్టి, జల్లెడలోంచి దిగిపోయిన పొడి పారేసి, మిగిలిన పలుకులు నీళ్ళలో కడిగి ఎండబెట్టాను. కడగడం ముఖ్యం. లేకపోతే టిప్ చేసినప్పుడల్లా నల్ల దుమ్ము లేచి కిటికీ కర్టెన్ మీద పడుతుంది, ఆ మాట బాబాయ్ గారి భార్య నాకు నేరుగానే చెప్పారు.

హాపర్ కింద పెన్సిల్ బాక్స్ సైజు సొరుగు ఒకటి. నిండాక లాగి, చెంచాతో మళ్ళీ వ్యాగన్లు నింపుకోవాలి. కన్వేయర్ పెట్టి ఆటోమేటిక్ చేద్దామన్నాను. వద్దన్నారు.

రంగుల విషయంలో నాకంటే ఆయనకే పట్టింపు ఎక్కువ. నేను తుప్పు రంగు కొట్టి, సోడియం దీపం కింద ఫొటో తీసి పంపాను. జవాబు: "పై అంచు ఇంత తిన్నగా ఉందేమిటి? క్లాంపులు పడీ పడీ వంకర పోవాలి." నిజమే, టిప్లర్ మీద తిరిగిన వ్యాగన్ పై చట్రం నొక్కుకుపోయి ఉంటుంది. వెచ్చటి సోల్డరింగ్ ఐరన్ కొసతో ఒక్కో వ్యాగన్‌కి ఆరేడు చోట్ల నొక్కాను. లోపలి గోడల మీద తుప్పు, దాని మీద బొగ్గు జారి గీకిన మెరుపు గీతలు పెన్సిల్ లెడ్‌తో. పక్కన పదకొండు అంకెల వ్యాగన్ నంబర్లు. మొదటి రెండు రకానికి, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆపైన రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది తప్పు పట్టే చెక్ అంకె. వీటిని భూతద్దంతో సరిచూసిన కస్టమర్ ఇంతవరకు ఈయన ఒక్కరే.

నేల మట్టానికి కొండపల్లి బొమ్మల వాళ్ళు అతుకులకి వాడే మక్కు వాడాను, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ప్లాస్టర్ కంటే తేలిక, ఆరాక చెక్కలా కోయవచ్చు. ప్రతి లేఅవుట్‌కీ ఇక అదే వాడతాను. వెనక అట్ట మీద కొండ గీత, ఒక పొగగొట్టం. అంతకంటే ఏమీ లేదు.

నా కూలి కాకుండా ఖర్చు పందొమ్మిది వేలు దాటింది, అందులో ఎక్కువ భాగం వ్యాగన్ల ప్రింటింగ్, చక్రాలు. పని మొత్తం అయిదు నెలలు, అందులో రెండు నెలలు టిప్లర్ ఒక్కదానికే పోయాయి.

జూలైలో మళ్ళీ ఫోన్ వచ్చింది. వ్యాగన్ టిప్లర్ గడప దగ్గర తడుతోందట. వానలకి ప్లైవుడ్ ఉబ్బి ట్రాక్ అతుకు అర మి.మీ. లేచింది. కోసిన అంచులకి వార్నిష్ వేయడం మర్చిపోయింది నేనే. వెళ్ళి రుద్ది, రెండు కోట్లు వేసి వచ్చాను. నేను పని చేస్తున్నంతసేపూ ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, రేక్ ఆగి ఎంతసేపైందో గడియారం చూసి చెప్తూనే ఉన్నారు, వ్యాగన్లు ఆలస్యం చేస్తే రైల్వే వేసే డెమరేజ్ పడుతుందని.